కరోనా కాలంలో నా చూపుడు వేలు

లాక్‌డౌన్‌లో పనిమనిషి రావడం మానేసింది. గిన్నెలు తోముతుంటే గాజు గ్లాసు చేతిలోనే పగిలి, కుడి చూపుడు వేలి మొదట్లో తెగింది. పసుపు అద్ది గుడ్డ కట్టాను. రక్తం ఆగింది. మర్నాడు దోసె తిప్పుదామని అట్లకాడ పట్టుకుంటే మిగతా వేళ్లు వంగాయి గానీ ఆ ఒక్కటీ నిటారుగా నిలబడింది, ఎదురుగా కూర్చున్న మా ఆయనను నిలదీస్తున్నట్టు.

“దవాఖానకు పోదామా?” అన్నాను.

“రక్తం ఆగింది గదా! గిప్పుడు ఆడికి పోతే కరోనా అంటుకుంటది. జెర ఆగు, అదే తగ్గుతది” అన్నాడు. నాకూ భయమే. ఆగాను.

పద్మారావు నగర్‌లో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఆ వేలు లేకపోతే నాకు కత్తెర లేదు, సూది లేదు. వారం గడిచినా వంగకపోయేసరికి ఆసుపత్రికి పరిగెత్తాం. హ్యాండ్ సర్జన్ వేలు అటూ ఇటూ కదిపి చూసి, “టెండన్, అంటే వేలిని వంచే తాడు, తెగిందమ్మా. ఆరోజే రావాల్సింది” అన్నారు. అప్పటికే వాళ్ల వార్డంతా కోవిడ్ వార్డయింది. మత్తు డాక్టర్లు ఐసీయూలో ఉన్నారట. అందుకని చిన్న థియేటర్లో, చేతికి మాత్రం ఇంజెక్షన్ ఇచ్చి, నేను మెలకువగా ఉండగానే కుట్టారు. మధ్యలో “ఏదీ, వేలు వంచండి” అన్నారు. వంచాను. వంగింది! మాస్కు తడిసేలా ఏడ్చాను.

ఆ సంబరం అక్కడితో సరి. వేలు కదలకుండా స్ప్లింట్ పట్టీ వేసి పంపారు. ఫిజియోథెరపీ గది మూతపడింది. వేలు ఎలా వంచాలో థెరపిస్ట్ మేడమ్ వీడియో కాల్‌లో చూపించేవారు. సిగ్నల్ పోయి ఆమె చెయ్యి ఉన్నచోటే ఆగిపోయేది. కుట్టు తెగుతుందేమోనని మా ఆయన “మెల్లగ, మెల్లగ” అంటూ అసలు వంచనిచ్చేవాడే కాదు. కదలిక లేక టెండన్ లోపల అతుక్కుపోయింది. విడదీయడానికి ఇంకో ఆపరేషన్ అన్నారు. తేదీ ఇచ్చేలోపే నెలలు గడిచి సెకండ్ వేవ్ వచ్చిపడింది. “ఎలెక్టివ్ కేసులు, అంటే ప్రాణాపాయం లేనివి, ఆపేశాం” అన్నారు.

ఉండబట్టలేక డాక్టర్‌కు ఫోన్ చేసి అరిచాను. “ఇది నా బతుకుదెరువు సార్! వేలంటే మీకు గింత అలుసా?”

“నేను కోవిడ్ డ్యూటీలో ఉన్నానమ్మా. ఊపిరాడని వాళ్లను బోర్లా తిప్పుతున్నాం” అన్నారు.

ఆయన చెప్పింది న్యాయమే. నా కోపం మాత్రం తగ్గలేదు. ఎవరి మీద చూపించాలో తెలియక ఇంట్లో అందరి మీదా చూపించాను.

ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చేసరికి వేలి జాయింట్ బిగుసుకుపోయింది. ఆపరేషన్ అయ్యాక కూడా వేలు సగమే వంగుతోంది. మిషన్ తొక్కగలను; సన్న సూది మాత్రం జారిపోతుంది. హుక్కులు ఇప్పుడు మా ఆయన కుడుతున్నాడు. కుట్టినప్పుడల్లా “నేనే ఆపిన గదా” అంటాడు. నేను కాదనను.

వేలు తెగినప్పుడు రక్తం ఆగిందా అని మాత్రమే చూడకండి, వంచి చూడండి. వంగకపోతే, ఊళ్లో ఏ రోగం తిరుగుతున్నా సరే, ఆరోజే బయల్దేరండి.