బరువైన యాక్సిల్, విరిగిన తుంటి

శ్రావణమాసం, రెండో శుక్రవారం ఉదయం. గ్యారేజీలో ఉన్నవారు: నేను, బేగంబజార్‌లో స్టీలు గిన్నెల దుకాణం నడిపే నా తమ్ముడు నర్సింగ్, మెకానిక్ ఖాజా భాయ్.

పెళ్ళిళ్ళ గిరాకీ జోరుగా ఉంది. ఒకే ట్రిప్పులో ఎక్కువ సరుకు తేవాలని తమ్ముడు మా పాత పికప్‌కు ఒక పెద్ద బండి వెనక యాక్సిల్‌ను, కుదుపులను ఆపే దాని గట్టి కమాన్ పట్టీలతో సహా, ఖాజా భాయ్ చేత బిగించాడు.

"సేట్, యాక్సిల్ మజ్బూత్ ఉంది. గానీ దీని బ్రేకులు పెద్దవి. బ్రేకులకు ఆయిల్ తోసే పాత మాస్టర్ సిలిండర్ సరిపోదు, అది గూడ మారుద్దాం," అన్నాడు ఖాజా భాయ్.

"సీజన్ అయినంక చూద్దాం భాయ్," అన్నాడు తమ్ముడు.

సరుకు తేవడానికి బయల్దేరాం, తమ్ముడే నడుపుతున్నాడు. హుస్సేనీ ఆలం గల్లీల్లో ఖాళీ బండి ప్రతి గుంతకూ ఎగిరిపడింది. ఏదో తేడాగా ఉందని చెప్పాను.

"ఏంది అన్నా, గిట్ల భయపడ్తవ్? ఖాళీగున్నది గాబట్టి ఎగురుతున్నది. లోడ్ వేస్తే సల్లగ కూసుంటది."

నిజంగానే గిన్నెల మూటలు వేసేకొద్దీ బండి మెత్తబడింది. అది చూసి ఇంకో వరుస వేయించాడు. "ఇగ విమానం లెక్క పోతది సేట్!" అని హమాలీలు నవ్వారు.

నయాపూల్ దగ్గర ముందున్న బస్సు ఆగింది. తమ్ముడు బ్రేకు తొక్కితే పెడల్ అడుగుదాకా పోయింది. బస్సును తప్పించబోయి డివైడర్ ఎక్కించాడు. బండి పక్కకు ఒరిగింది. తమ్ముడికి గీతలే పడ్డాయి. నేను ఎడమ తుంటి మీద పడ్డాను, ఆ కాలు కదల్లేదు.

ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ, "తొడ ఎముక పైభాగంలో ఫ్రాక్చర్. ఈసీజీ, ఎకో బాగుంటే సర్జరీ చేసి రాడ్ వేస్తాం," అంది. సర్జరీ బాగానే జరిగింది. వాకర్‌తో నాలుగడుగులు వేశాక జ్వరం వచ్చింది, కుట్ల దగ్గర చీము పట్టింది. ఇన్‌ఫెక్షన్ అన్నారు. మళ్ళీ థియేటర్‌కు తీసుకెళ్ళి శుభ్రం చేశారు. తర్వాత చాలాకాలం యాంటీబయాటిక్ ఇంజక్షన్లు.

ఆస్పత్రి మంచం మీద ఉండగానే తెలిసింది: తమ్ముడు బంపర్ సరిచేయించి అదే యాక్సిల్‌తో బండి మళ్ళీ తిప్పుతున్నాడు. నన్ను చూడడానికి వచ్చినప్పుడు నిలదీశాను.

"ఫికర్ చెయ్యకన్నా. రెండుసార్లు తొక్కితే బ్రేకు పట్టుకుంటున్నది."

"రెండోసారి తొక్కే టైం దొరకకపోతే ఏంరా?"

వాడు బండి తాళం తీసుకొని బయటికి నడిచాడు. మంచం మీద నుంచి చెబితే వాడు వినడని అర్థమైంది. నా కాళ్ళతో గ్యారేజీకి నడిచివెళ్ళి ఆ యాక్సిల్ తీయించాలని నిశ్చయించుకున్నాను. చెప్పినదానికంటే ఎక్కువ ఎక్సర్‌సైజులు చేస్తుంటే ఫిజియోథెరపిస్టు "అంకుల్, జీతం మీకియ్యాల్నా?" అని ఎగతాళి చేసేవాడు.

రివ్యూకు తమ్ముణ్ణి వెంట తీసుకెళ్ళాను. నేను హద్దు మీరి ఎక్సర్‌సైజులు చేస్తున్నానని డాక్టరమ్మ ఫిల్మ్ చూపించి కోప్పడింది.

"రాడ్ గట్టిదే. కానీ దాన్ని పట్టుకున్న ఎముక పాతది. రాడ్ ఉంది కదా అని ముందే బరువు వేస్తే స్క్రూ ఎముకను చీల్చుకొని వస్తుంది. నేను చెప్పినంతే వేయండి."

బయటికొచ్చాక తమ్ముడు నన్ను పికప్ ఎక్కించాడు. స్టీరింగ్ పట్టుకొని, "డాక్టరమ్మ చెప్పింది నీ కాలు ముచ్చటనా, నా బండి ముచ్చటనా?" అన్నాడు.

"గ్యారేజీకి పోనియ్," అన్నాను.

బండి కిందికి దూరిన ఖాజా భాయ్ తమ్ముణ్ణి కూడా పిలిచాడు. కమాన్ పట్టీలు బిగించినచోట బండిని మోసే చట్రం, ఛాసిస్, పగిలి ఉంది. బయటికొచ్చిన తమ్ముడు చేతులు తుడుచుకుంటూ, "పాత యాక్సిలే పెట్టు భాయ్. పగులు సరిచేసి, బ్రేకులు నువ్వు సరే అన్నంకనే బండి ఇయ్యి," అన్నాడు.

ఇప్పుడు నేను చేతికర్రతో నడుస్తున్నాను. మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి ఉంటుంది. పాత బండి ఉన్నవారికి ఒక్క మాట: యాక్సిల్ మార్చినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. బ్రేకులు, ఛాసిస్ పాతవే. ఆర్‌సీలో రాసిన బరువే బరువు.

నేనింకా వాకర్‌తో నడుస్తున్నప్పటి మాట: గ్యారేజీకి వెళ్ళివచ్చిన మర్నాడు ఉదయం, లోడంతా ఒకేసారి కావాలని ఒక గిరాకీదారు ఫోన్‌లో లొల్లి పెట్టాడు. "కిరాయి ట్రాలీల రెండు ట్రిప్పులైతయి. ఆగితే ఆగుండ్రి, లేకుంటే వేరేకాడ కొనుక్కోండ్రి," అని తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. తర్వాత నా చెప్పులు తెచ్చి వాకర్ ముందు పెట్టాడు.

"లే అన్నా, గల్లీ చివరిదాకా నడుద్దాం."