గ్రీజు చేతికి లొంగే ఫోను

ఆ మంగళవారం దాకా లిఫ్టు బాబాయికి ఫోన్ల మీద కోపం లేదు. చిరాకు ఉండేది, అంతే.

ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. ముప్పై రెండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. పొద్దున్న ఏడున్నరకల్లా సంచీ భుజానికి తగిలించుకుని బయలుదేరితే, తన వంతుకి వచ్చిన పంతొమ్మిది లిఫ్టుల్లో రోజుకి రెండో మూడో చూసుకుంటూ తిరిగేవాడు. పైన మోటారు గది, అడుగున గొయ్యి, రెండింటికీ మధ్య చీకటి బావి. ఆయన జీవితం ముప్పాతిక వంతు వాటిలోనే గడిచింది. పట్టాలకి గ్రీజు పూసి పూసి వేళ్ళ గీతల్లో నలుపు ఇంకిపోయింది. ఎన్ని సబ్బులు అరగదీసినా వదల్లేదు. ఆఫీసులో హాజరు కోసం పెట్టిన వేలిముద్రల యంత్రం కూడా ఆయన బొటనవేలిని పోల్చుకోలేక చేతులెత్తేసింది.

ఎక్కడైనా లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళు కంపెనీకి ఫోన్ చేసేవారు కాదు. కంపెనీకి చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. బాబాయికి చేస్తే, "భయపడకండి. తలుపు తోయకండి. నేనొస్తున్నా," అంటాడు. అందుకని పంతొమ్మిది భవనాల్లోనూ ఆయన నంబరు లేని ఇల్లు లేదు. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవారు.

రెండేళ్ళ కిందట కంపెనీ ఒక యాప్ పెట్టింది. మెకానిక్కులందరూ పెద్ద తెర ఫోను కొనుక్కోవాలంది. ఎక్కడికెళ్ళినా అందులో టిక్కు పెట్టాలి. ఈ టిక్కుల్ని పర్యవేక్షించే సూపర్‌వైజరుకి మెకానిక్కులు టిక్కుబాబు అని పేరు పెట్టుకున్నారు. బాబాయికి ఫోను అల్లుడు కొనిచ్చాడు. ప్రేమగానే కొనిచ్చాడు, అద్దంలా మెరిసేది. ఇంట్లో కూర్చుని శుభ్రమైన చేత్తో ముట్టుకుంటే మాట వినేది. పనిలో మాత్రం మొండికేసేది.

ఆ మంగళవారం పదకొండు గంటలప్పుడు బాబాయి ఒక భవనంలో లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి పట్టాలకి గ్రీజు పూస్తున్నాడు. జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే తెర మీద 'టీచరమ్మ' అని ఉంది. రెండు వీధుల అవతల భవనంలో నాలుగో అంతస్తులో ఉంటుందావిడ. ఒంటరి మనిషి, ఆయాసం ఉంది. వేలితో తెరని పక్కకి తోశాడు. కదల్లేదు. చొక్కాకి తుడుచుకుని మళ్ళీ తోశాడు. ఈలోగా ఆగిపోయింది. మళ్ళీ మోగింది. ఈసారి మోచేత్తో తోశాడు, ఇంకేదో తెరుచుకుంది. తలుపు కిర్రుమంటోందని చెప్పడానికేమో, దిగాక చేద్దాం అనుకున్నాడు.

దిగి, గుడ్డతో చేతులు తుడుచుకుని ఫోను చూసేసరికి తెరంతా తెల్లగా ఉంది. మధ్యలో ఒక సున్నా గిర్రున తిరుగుతోంది. 'మీ ఫోనుకి కొత్త హంగులు అమరుస్తున్నాం. దయచేసి ఆపకండి.'

ఎవరడిగారు హంగులు? బాబాయి పావుగంట ఆ సున్నా వంక చూస్తూ నిలబడ్డాడు. తెర తెరుచుకోగానే టపటపా మెసేజీలు వచ్చి పడ్డాయి. పువ్వుల బొమ్మలు, శుభోదయాలు, ఎవరో అమ్ముతామన్న మంచం, టిక్కు పెట్టలేదని కంపెనీ హెచ్చరిక. వాటన్నిటి అడుగున ఒకటి: 'లిఫ్టులో ఇరుక్కున్నాను. ఆయాసం వస్తోంది. మందు ఇంట్లో ఉండిపోయింది.'

సంచీ అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

టీచరమ్మ ఉండే భవనంలో అందరూ ఉద్యోగాలకి వెళ్ళే వేళ. కాపలాదారుని ఆర్నెల్ల కిందట తీసేసి కెమెరా పెట్టారు. టీచరమ్మ తలుపు బాదిన చప్పుడు ఆ కెమెరాకి వినబడదు. బాబాయి మేడెక్కి, మోటారు గదిలో మెయిన్ స్విచ్చి ఆపి, బ్రేకు వదులుచేసి, చేతిచక్రం తిప్పి పెట్టెని నాలుగో అంతస్తుకి తెచ్చాడు. మళ్ళీ కిందికి పరుగెత్తి తాళంచెవితో తలుపు తీశాడు. ఆవిడ మూలకి జారగిలబడి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. పక్కనే చెప్పు పడి ఉంది, దాంతోనే తలుపు కొట్టినట్టుంది. యాభై నిమిషాలు ఆ పెట్టెలో ఉంది.

ఆయన ఆవిడ ఇంట్లోకెళ్ళి మందు తెచ్చి నోటికందించాడు. కాస్త ఊపిరి తిరిగాక ఆవిడ అన్న మొదటి మాట ఇది:

"నీకే చేశాను బాబాయ్. పదకొండుసార్లు."

నిష్ఠూరంగా కూడా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. బాబాయి ఆంబులెన్సుని పిలిచి, ఆవిడ వెంట ఆస్పత్రి దాకా వెళ్ళి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ ఫోన్ని కుట్టుమిషను మీదికి విసిరికొట్టాడు.

ఆయన భార్య ఆ మిషను మీద ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడుతుంది. సూది విరిగిందేమోనని వంగి చూసుకుని, తలెత్తింది.

"ఫోను మీద కోపం నా మిషను మీద చూపిస్తారేం? అది మీకేం పాపం చేసింది?"

"నా చేత్తో నేనే ఒక మనిషిని చంపబోయానే!" అని అరిచాడాయన. విషయమంతా చెప్పాడు. ఆవిడ విన్నంతసేపూ దారం చుట్టింది.

"మీ చెయ్యి కాదు, ఆ తెర," అంది చివరికి. "మీటలుండే ఫోను తెచ్చుకోండి. మాట్లాడ్డానికి, మెసేజీకి. మిగతావి మనకెందుకు?"

"అల్లుడు ఏమనుకుంటాడో."

"అల్లుడు లిఫ్టు బావిలోకి దిగుతాడా? ఏమీ అనుకోడు, నేను చెప్తాలెండి."

మర్నాడు ఆఫీసులో టిక్కుబాబు ఒక కాగితం ముందుకు తోశాడు. అందులో 'మెకానిక్ స్పందించలేదు' అని ఒకే ఒక వాక్యం ఉంది. బాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"స్పందించలేదా? వేలు అరిగేలా తోశాను. మీరు కొనమన్న ఫోనే ఎత్తనివ్వలేదు. అది రాయండి."

"అలా రాయడానికి ఫారంలో గడి లేదు బాబాయ్. స్పందించారు, స్పందించలేదు. రెండే గడులు. సంతకం పెట్టండి."

"పెట్టను."

కాగితం అక్కడే వదిలేసి అటునించి అటే బజారుకి వెళ్ళాడు.

మొదటి కొట్టు అద్దాల మేడలా ఉంది. లోపలికెళ్ళి మీటల ఫోను కావాలన్నాడు. టై కట్టుకున్న కుర్రాడు నవ్వాడు. "ఎవరికంకుల్? ఇంట్లో అమ్మమ్మకా?"

"మా అమ్మమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది. నాకే."

"మీరింకా యంగే కదంకుల్, మీటలెందుకు? ఇది చూడండి, నాలుగు కెమెరాలు."

"నా మొహానికి ఒక్క కెమెరా కూడా ఎక్కువే. కాల్ వస్తే ఎత్తాలి, మెసేజ్ వస్తే చదవాలి. ఉందా లేదా?"

లేదు. ఉన్నా అలాంటివి చూపించడానికి తమ మేనేజరు ఒప్పుకోడని కుర్రాడు గొంతు తగ్గించి చెప్పాడు. బాబాయి ఆ నాలుగు కెమెరాల్లోకి ఒకసారి గుర్రుగా చూసి బయటికొచ్చాడు.

రెండో కొట్టులో మీటల ఫోను దొరికింది. చేతిలోకి తీసుకుని చూస్తూ, మధ్య మీట నొక్కాడు. 'మీ పాటల సేవ మొదలైంది, ధన్యవాదాలు' అంది ఫోను.

"నేనెక్కడ అడిగాను పాటలు? ఆపండి."

"ఆపాలంటే వేరే నంబరుకి మెసేజ్ పెట్టాలండీ," అన్నాడు కొట్టాయన పళ్ళికిలిస్తూ. "రెండు రోజులు పడుతుంది."

"మొదలవడానికి ఒక్క నొక్కు, ఆగడానికి రెండు రోజులా? మీ ఇంట్లో ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే, నేనూ రెండు రోజులాగి రానా?"

కొట్టాయనకి ఏమీ అర్థం కాలేదు. బాబాయి అప్పటికే మెట్లు దిగిపోయాడు. ఒళ్ళంతా కుతకుత ఉడుకుతోంది. ఇంతమంది కలిసి ఇన్ని హంగులు తయారుచేసి, పిలిస్తే పలకడం ఒక్కటీ మరిచిపోయారెలా అని దారి పొడుగునా తనలో తనే తిట్టుకున్నాడు. ఎదురొచ్చినవాళ్ళు తప్పుకుని నడిచారు.

మూడోది కొట్టనడానికి లేదు. ఒక పాత భవనం మెట్ల కింద ఇరుకు గది. కంటికి భూతద్దం బిగించుకుని ఒకావిడ ఫోను విప్పుతోంది. నలభై ఏళ్ళుంటాయి. తల ఎత్తకుండానే అడిగింది.

"మీరు ఏం పని చేస్తారు బాబాయ్ గారూ?"

పొద్దుటినించీ ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. బాబాయి స్టూలు మీద కూలబడి మొత్తం చెప్పాడు. ఆవిడ భూతద్దం తీసి పక్కన పెట్టి, ఒక గుడ్డ పరిచి, దాని మీద అయిదు ఫోన్లు పేర్చింది.

బాబాయి ఒక్క క్షణం తటపటాయించి సంచీలోంచి గ్రీజు డబ్బా తీశాడు. "ఇది పూసుకుని చూడొచ్చామ్మా?"

"నా కొత్త ఫోన్ల మీదా?" అంది ఆవిడ. తర్వాత ఆయన మొహం చూసి, "సరే, తుడిచిచ్చే పూచీ మీది," అంది.

ఆయన వేళ్ళు డబ్బాలో ముంచి ఒక్కో ఫోనూ పట్టుకున్నాడు. మొదటిదాని మీటలు మరీ చిన్నవి, ఒక వేలికి మూడు నొక్కుకున్నాయి. రెండోది చేపలా జారిపోయింది. మూడోదాన్లో పచ్చ మీట పక్కనే టార్చి మీట ఉంది, ఎత్తబోతే దీపం వెలిగింది. నాలుగోది బాగానే ఉందనిపించింది. కానీ ఆవిడే దాన్లో తన దగ్గరున్న సిమ్ము వేసి, సామాన్ల రేకుపెట్టెలో పడేసి మూత వేసి, తన ఫోను నుంచి మోగించింది. దోమ రొదలా వినబడింది. ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు.

అయిదోది సబ్బుబిళ్ళలా లావుగా, చూడ్డానికి అసహ్యంగా ఉంది. మీటలు గుండీల్లా పైకి లేచి ఉన్నాయి. పచ్చమీట ఒక కొసన, ఎర్రమీట ఇంకో కొసన. సిమ్ము దీన్లోకి మార్చి, రేకుపెట్టెలో పెట్టి మోగిస్తే పక్క కొట్టు మంగలి దువ్వెన పట్టుకుని బయటికొచ్చి, "ఏంటక్కా, ఫైరింజను కొన్నావా?" అన్నాడు.

బాబాయి ఆ రెండు రోజుల్లో అప్పుడే మొదటిసారి నవ్వాడు.

ఆవిడ తన ఫోను నుంచి ఒక మెసేజ్ పంపింది. సబ్బుబిళ్ళ తెర మీద అక్షరాలు పెద్దవిగా వచ్చాయి. తెరిచి చదివేదాకా ఫోను నెత్తిన వెలిగిన ఎర్రదీపం ఆరలేదు.

"ఇనప పెట్టెలో మాట తెగిపోయినా ఒక్కోసారి మెసేజ్ దూరిపోతుంది," అన్నాడాయన. "టీచరమ్మది అలాగే వచ్చింది. నేనే చూడలేకపోయాను."

"దీన్లో మెసేజ్ మీద ఇంకేమీ వచ్చి పడదు," అందావిడ. దీనికీ ఉన్న పాటల మీట పని చెయ్యకుండా చేసింది. ఆయన సిమ్ము బాగా చిన్నది కావడంతో చుట్టూ ప్లాస్టిక్కు చట్రం తగిలించి కూర్చోబెట్టింది.

ఇక్కడితో గొడవ తీరలేదు. సబ్బుబిళ్ళ చూసి టిక్కుబాబు కుర్చీలోంచి లేచాడు.

"యాప్ లేకపోతే హాజరు పడదు. రూలు."

"లిఫ్టులో ఉన్నవాళ్ళకి నా హాజరు కావాలి, మీ యాప్‌కి కాదు. వచ్చానని మెసేజ్ పెడతాను. పనయ్యాక అయిందని పెడతాను. చదవడం చేతకాదా మీకు?"

"నోరు జాగ్రత్త బాబాయ్!"

"ముప్పై రెండేళ్ళు జాగ్రత్తగానే ఉన్నా," అన్నాడాయన. బల్ల మీద గుద్దిన చోట నల్లటి పిడికిలి గుర్తు పడింది.

తొమ్మిది రోజులు ఆయనకి హాజరు పడలేదు. తొమ్మిది రోజులూ పనికి వెళ్ళాడు. ఎర్రరంగు, కుంచె కొనుక్కుని పంతొమ్మిది లిఫ్టుల లోపలా తన నంబరు అరచేతి పొడవు అంకెలతో రాశాడు. కింద 'మాట అందకపోతే మెసేజ్ పెట్టండి' అని చేర్చాడు. కంపెనీ గోడలు పాడుచేశాడని టిక్కుబాబు చెరిపించమన్నాడు. చెరపడానికొచ్చిన మనుషుల్ని ఒక భవనంలో ఆడవాళ్ళు తలుపు దగ్గరే ఆపి వెనక్కి పంపారు. మిగతా భవనాలకి వాళ్ళు వెళ్ళనే లేదు.

పదోరోజు ఆఫీసులో ఉత్తరాలు చూసే అమ్మాయి, బాబాయి మెసేజీలు చూసి తనే టిక్కులు పెడతానంది. రోజుకి అర నిమిషం పని. టిక్కుబాబు మూతి ముడుచుకుని ఒప్పుకున్నాడు. నెల తిరిగేసరికి మరో ముగ్గురు మెకానిక్కులు మెట్ల కింద గదికి దారి కనుక్కున్నారు.

అయినా బాబాయికి కోపం చల్లారలేదు. ఆ కాగితం అలాగే ఉంది. 'స్పందించలేదు' అనే మాట తీసేదాకా లిఫ్టులు బాగున్నాయని నెలనెలా తనిచ్చే భద్రతా పత్రం మీద సంతకం పెట్టనని భీష్మించుకున్నాడు. పత్రాలు పెద్దాఫీసుకి వెళ్ళక ఆగిపోయాయి. మూడోనెల టిక్కుబాబు కొత్త గడి గీయించి, 'ఫోను లోపం వల్ల కాల్ అందలేదు' అని రాయించాడు. బాబాయి దాన్ని రెండుసార్లు చదివి సంతకం పెట్టి, ఒక నకలు మడిచి జేబులో పెట్టుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ కాగితం చదివి తిరిగి చేతికిచ్చేసింది.

"నాకెందుకు బాబాయ్ ఇది? నువ్వు ఎత్తలేదని నేనెప్పుడైనా అన్నానా?"

బాబాయి నొచ్చుకున్నాడు. మూడు నెలలు దీని కోసం పోట్లాడానని చెప్పబోయి, ఆగిపోయాడు. ఆవిడ కోసం పోట్లాడాడో తన కోసమో అప్పుడు ఆయనకే తేలలేదు. మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చున్నాడు. కూరగాయల సంచీ గుమ్మం పక్కన అలాగే ఉంది. ఆవిడకి ఆయాసం ఇంకా తగ్గలేదు.

"మెట్లెక్కి వచ్చారా?"

"రోజూ మెట్లే."

"లిఫ్టు బాగుందండీ. నిన్ననే చూశాను. రండి, నేనూ ఎక్కుతాను. ఒక్కసారి కిందికెళ్ళి వద్దాం."

ఆవిడ తలుపు వైపు చూసింది. "ఇవాళ కాదు బాబాయ్."

సరేనన్నాడు. సంచీ లోపల పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు. లిఫ్టు నాలుగో అంతస్తులోనే, తలుపు తెరుచుకుని ఉంది. ఆయన దాని ముందు నుంచి నడిచి, మెట్లు దిగి వెళ్ళాడు.