వేలికి తగలని కెపాసిటర్

పాడైన వాషింగ్ మెషిన్ బోర్డు పట్టుకుని ఇవాళ సాక్చి బజార్లో రిపేరు షాపుకి వెళ్లాను. షాపంతా సోల్డరింగ్ పొగ. అయినా షాపతను బోర్డు తిప్పి కూడా చూడకుండా, "రిపేర్ నహీ హోతా, పూరా బోర్డ్ బదల్నా పడేగా" అన్నాడు, బోర్డు మొత్తం మార్చాల్సిందేనట. ఒళ్లు మండింది.

ఆ పొగ వాసన మీకెప్పుడైనా తగిలిందా? నా చిన్నప్పుడు భుయ్యాడీహ్ బస్తీలో మా నాన్న డ్యూటీ నుంచి వచ్చి, పాత పేపరు మీద టీవీ విప్పితే ఇల్లంతా అదే.

"తిండి కాడ ఏటీ కంపు?" అని అమ్మ విసుక్కునేది.

నాన్న నా వేలు పట్టుకుని, చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల నెత్తి మీద నడిపించేవాడు. "కళ్లు మూసుకోరా. ఏది ఉబ్బిందో నువ్వే సెప్పు." చదునైన వాటి మధ్య ఒక్కటి పూరీలా పొంగి తగిలేది. దాన్ని పీకి అలాంటిదే ఇంకోటి అతికిస్తే, టీవీ మళ్లీ పలికేది.

ఇంటికొచ్చి బోర్డు లైటు కింద పెట్టాను. ఉబ్బిన కెపాసిటర్ అదిగో, కనిపిస్తూనే ఉంది. కానీ కంపెనీవాళ్లు బోర్డు మొత్తం మునిగేలా గాజులాంటి జిగురు పోసేశారు. గోటితో గీకాను, కత్తితో పొడిచాను. ఊడి రాదే!

"ఛోడో న పాపా, నయా లే లో" అంది మా అమ్మాయి, వదిలేసి కొత్తది కొనమని.

కళ్లు మూసుకుని, ఆ ఉబ్బు ఉన్నచోట జిగురు మీద వేలు పెట్టాను. అంతా చదునుగానే ఉంది.