తెగులా, పురుగా

దీనమ్మ రోజూ పొద్దున్నే పొయ్యి మీద టీ పెట్టి, గుమ్మంలో కూర్చుని బైబిల్లో ఒక అధ్యాయం చదువుతుంది. చదవడం కన్నా తగువు పడటం అనాలి. "కళ్లు కనపడని తండ్రిని మోసం చేశావు గదరా యాకోబూ, సిగ్గులా?" అని పైకే తిడుతుంది. యోబు స్నేహితులంటే ఆమెకు పరమ చిరాకు. పలకరించడానికని వచ్చి పాఠాలు చెప్పి పోయే అలాంటి చుట్టాలు తనకూ ఉన్నారట. నచ్చిన మాట కింద పెన్సిలుతో గీత గీస్తుంది. అర్థం కాని చోట సున్నా చుడుతుంది. ఆమె గ్రంథంలో గీతల కన్నా సున్నాలే ఎక్కువ.

భర్త పోయాక ఆమెకు మిగిలిన ఆధారం రొంపిచెర్ల దగ్గరి ఊళ్లో కౌలుకు తీసుకున్న అరెకరం. అందులో మిరప వేస్తుంది. మూడేళ్ల కిందట చేను సరిగ్గా పూత మీదున్నప్పుడు ఆకులు ముడుచుకుపోయాయి, పూలు రాలడం మొదలైంది. ఈసారి పంట పోతే పొలం వేరేవాళ్లకిస్తానని ఆసామి అప్పటికే చెప్పి ఉన్నాడు.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు పరంజ్యోతిగారు ఒక కీర్తన చదివి, తన వాళ్ల మీదికి దేవుడు తెగులు రానివ్వడని అందులో ఉందన్నారు. ప్రార్థన చేసిన కొబ్బరినూనె సీసా దీనమ్మ చేతిలో పెట్టారు.

"మందులు కొట్టబాకమ్మా. పొలం నాలుగు మూలలా ఇది చల్లు."

"అయ్యగారూ, అందులో తెగులు మనుషులకొచ్చేదా, మిరక్కాయలకొచ్చేదా?"

సంఘమంతా నవ్వింది. పాస్టరుగారు నవ్వలేదు. "అనుమానం సైతానుదమ్మా," అన్నారు.

"సైతానుకి మన మిరపతోటలో ఏం పనయ్యగారూ? ఆ ఘాటుకి వాడు నిలబడగలడా?"

అంత మాటన్నా, వెళ్లి నూనె చల్లింది. ఆమెకు నమ్మకం లేక కాదు, అడక్కుండా నమ్మడం చేతకాదు. వారం తిరిగేసరికి ముడత ఇంకా పెరిగింది.

"నీకు విశ్వాసం చాలలేదు," అన్నారు పాస్టరుగారు.

దీనమ్మ నరసరావుపేట వెళ్లి మీరా సాహెబ్ పురుగుమందుల కొట్లో ఆయన ఇచ్చిన మందు తెచ్చి కొట్టింది. ఇంకో వారం గడిచింది. పూత ఇంకా రాలింది. మళ్లీ కొట్టుకు పోయింది.

"డోసు చాల్లేదక్కా," అన్నాడు మీరా సాహెబ్.

దీనమ్మకు నవ్వాగలేదు. "నువ్వూ మా పాస్టరూ ఒకే బళ్లో చదివారా ఏంది సాయిబూ? మీ సరుకు బంగారం, తప్పెప్పుడూ నాదేనా?"

చివరికి ఊళ్లో వ్యవసాయ సహాయకురాలు వెన్నెలను పొలానికి పిలుచుకొచ్చింది. ఆ అమ్మాయి ఒక పువ్వు కోసి, తెల్లకాగితం మీద తట్టింది. కాగితం మీద నల్లటి చుక్కలు రాలి, నడవడం మొదలుపెట్టాయి.

"ఇది తెగులు కాదు పెద్దమ్మా, తామర పురుగు. తెగులు వేరు, పురుగు వేరు."

దీనమ్మ గట్టు మీద చతికిలబడింది. "అయితే దేవుడు మాట తప్పలా! తెగులు రానీనన్నాడు గానీ పురుగు సంగతి ఎత్తలా. మా అయ్యగారే సరిగ్గా చదవకుండా లేని మాట ఆయనకి అంటగట్టాడు!"

వెన్నెల నీలం రంగు జిగురు అట్టలు కట్టమంది, వేపనూనె పిచికారీ చేయమంది. దీనమ్మ అట్టలు కట్టింది, నూనె కొట్టింది, పొలంలోనే మోకాళ్లూనింది కూడా. కొత్త పూత నిలిచింది.

ఈ కబురు విని పాస్టరుగారు ఆదివారం సంతోషంగా లేచారు. "చూశారా, చివరికి నూనే కాపాడింది! దీనమ్మా, సాక్ష్యం చెప్పు."

దీనమ్మ కొంగు సర్దుకుని నిలబడింది. "నూనె మాట నిజమే అయ్యగారూ. కాకపోతే వేపది. ప్రార్థన చేశానా, చేశా. అట్టలు కట్టానా, కట్టా. ఏది పనిచేసిందో నాకు తెలవదు. తెలవంది తెలిసినట్టు చెబితే అబద్ధ సాక్ష్యం అవుద్ది గదా?"

వెనక చాప మీద నుంచి ఒక ముసలమ్మ "ఆమేన్" అంది. పాస్టరుగారికి కూడా అనక తప్పలేదు.

ఆ ఏడు సగం పంట చేతికొచ్చింది. ఆసామి పొలం వెనక్కి అడగలేదు. దీనమ్మ ఇప్పటికీ ఆ సంఘానికే వెళ్తోంది. ఈ ఏడూ అదే అరెకరంలో మిరప వేసింది.