భుజం నొప్పి అని రాసుకున్నాను

కామారెడ్డి కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది, వానాకాలంలో, నేను బాన్సువాడ దగ్గర ఒక ఊరి సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు చూడాలని అప్పుడే ఆర్డరు వచ్చింది. ముందు ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి ఒక ఫారం నింపుతుంది. వయసు, పొగాకు, మందు, నడుము కొలత, ఒంటికి పని ఉందా లేదా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా. ఒక్కోదానికి మార్కులుంటాయి. నాలుగు దాటితే ఆ మనిషిని ముందు పిలిపించాలి.

రాజవ్వకు ఆరు వచ్చాయి. యాభై దాటిన మనిషి, పొద్దంతా కూర్చుని బీడీలు చేసేది, పళ్లకు గుల్ అనే పొగాకు పొడి రుద్దేది. తండ్రి గుండె ఆగి పోయాడు. బీపీ బాగా ఎక్కువగా ఉంటే పీహెచ్‌సీ డాక్టరుగారు రోజూ ఒక మాత్ర రాశారు. తల తిరిగిన రోజు తప్ప వేసుకునేది కాదు. "మంచిగున్ననాడు గోలీ ఎందుకు నర్సమ్మా?" అని నన్నే దబాయించేది. నేనూ గట్టిగానే కోప్పడేదాన్ని. మనిషి మాత్రం నాకు ఇష్టం.

ఒకరోజు తనే సెంటర్‌కు వచ్చింది. "కార్ఖానకు బీడీలు ఇయ్యనీకి నడుస్తుంటే ఎడమ భుజం గుంజుతుంది. దవడ దాంక వస్తది. జర నిలబడితే తగ్గుతది" అంది.

ఆ ఊళ్లో బీడీలు చేసే ఆడవాళ్లలో భుజం నొయ్యని మనిషి నాకు కనబడలేదు. రోజుకు పదిమంది అదే మాట చెప్పేవారు. "గా చాట ఒళ్లో పెట్టుకుని పొద్దుమూకులు వంగి కూసుంటవు, నొయ్యకేమైతది?" అన్నాను.

"బీడీలు చేస్తుంటే ఏం లేదు నర్సమ్మా" అంది.

విన్నాను. అయినా నొప్పి మాత్రలు పది చేతిలో పెట్టి, రిజిస్టర్లో భుజం నొప్పి అని రాశాను. ఆ మాత్రలు బీపీని పెంచుతాయని కూడా నాకు తెలుసు. ఆరు మార్కులు వేసిన ఫారం అదే బల్ల మీద ఉంది.

పదిహేను రోజులకు, ఒక ఉదయం ఆమెకు నొప్పి లేచింది. బాన్సువాడ దవాఖానలో ఈసీజీ తీసి, గుండెపోటు అని చెప్పి, వెంటనే నిజామాబాద్ తీసుకెళ్లమన్నారు. దారిలోనే పోయింది.

నేను వాళ్లింటికి వెళితే కోడలు సుజాత నన్ను కూర్చోబెట్టింది. "మీరిచ్చిన గోలీ ఏసుకుని పండుకున్నది నర్సమ్మా. ఎంత జెప్పినా లేవలే. భుజం నొప్పే, నర్సమ్మ చెప్పింది, తగ్గుతది అన్నది" అని చెప్పింది. దవాఖానకు బయల్దేరేలోపు రెండు గంటలు అలా పోయాయి. సుజాత గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. లోపలికి వెళ్లి మిగిలిన మాత్రలు తెచ్చి, "నాగ్గూడ చెయ్యి నొస్తుంది, ఏసుకోవాల్నా?" అని అడిగింది.

"ఏం చేస్తుంటే వస్తది?" అన్నాను.

"బీడీలు చేస్తుంటెనే."

మాత్రలు తీసేసుకుని, మరుసటి రోజు బీపీ చూపించుకోవడానికి రమ్మన్నాను.

రిటైరయ్యేదాకా ఏ నొప్పి చెప్పినా ముందు ఆ ప్రశ్నే అడిగాను. కొత్తగా చేరిన ఏఎన్ఎంలకూ అదే నేర్పాను; నడిస్తే వచ్చి, నిలబడితే తగ్గే నొప్పి గుండెది కావచ్చని చెప్పాను. ఫారంలో వచ్చిన మార్కులు మనిషిని పిలిపించడానికే కాదు, వచ్చిన మనిషి మాట వినేటప్పుడు కూడా గుర్తుండాలని చెప్పాను. రాజవ్వ విషయంలో నాకు ఆ ప్రశ్న అడిగే పని కూడా లేకపోయింది. అడగకుండానే ఆమె జవాబు చెప్పింది.