బ్రేక్ రోజు సంతకం

సికింద్రాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో నేను లా ఆఫీసర్‌ని. ఉద్యోగుల తగాదాలన్నీ నా బల్ల మీదికే వస్తాయి. కోర్టులో వాదించేది బయటి అడ్వకేటు. ఆయన చేతికి కాగితాలు సిద్ధం చేసి ఇచ్చేది నేను. మెట్టుగూడలో మా చర్చివాళ్లు నన్ను చూసి "అమ్మాయి కూలీనాలీ వాళ్ల కోసం కొట్లాడుతుంది" అని చెప్పుకునేవారు. లేబర్ లాయరంటే అంతేనని వాళ్ల నమ్మకం. నేను యాజమాన్యం వైపు మనిషినని సరిదిద్దే ఓపిక నాకెప్పుడూ లేకపోయింది. నిజం చెప్పాలంటే ఆ మాట వినడానికి బాగానే ఉండేది.

మా దగ్గర బ్రేక్ అని ఒక ఆచారం ఉంది. కాంట్రాక్టు మీద తీసుకున్నవాళ్లను ఆరు నెలలకోసారి ఒక్కరోజు ఉద్యోగంలోంచి తీసేసి, మర్నాడు కొత్తగా చేర్చుకుంటాం. రేపు ఎవరైనా "ఇన్నేళ్లు తెగకుండా పనిచేశాను, పర్మనెంట్ చేయండి" అని కోర్టుకెక్కితే, ఇదిగో ఇక్కడ తెగింది అని చూపించడానికి. నేను కనిపెట్టింది కాదు, నాకంటే ముందే ఉంది. కానీ ఆ ఉత్తర్వు నమూనాను ఎక్కడా సందు లేకుండా బిగించింది మాత్రం నేనే. అప్పట్లో దానికి శభాష్ అనిపించుకున్నాను కూడా.

మా ఆఫీసులో కాంట్రాక్టు మీద తపాలా పంచే ఆమె అల్వాల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. ఒక్కో విభాగానికీ కవర్లు ఇచ్చి, తీసుకున్నవాళ్ల చేత తపాలా పుస్తకంలో సంతకం పెట్టించుకోవడం ఆమె పని. చాలామంది చూడకుండా గీసేసేవారు. నేను మాత్రం కింద తేదీ వేసేదాన్ని. తేదీ లేని సంతకం సంతకమే కాదని ఆఫీసు మొత్తానికి పాఠం చెప్పినదాన్ని మరి. ఆమె నవ్వేది.

"అందరు మీలెక్క రాస్తే నేను పొద్దుమీకె దాంక తిరుగుతనే ఉంట మేడం."

ఒక వానాకాలం పొద్దున, పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని, తాను మాత్రం నిలువునా తడిసి నా గదికి వచ్చింది. ఆమె బ్రేక్ ఉత్తర్వు ముందురోజే నా బల్ల మీదుగా వెళ్లింది.

"ఈరోజు నీకు బ్రేక్ కదమ్మా?" అన్నాను.

"బ్రేక్ కాయితానికే మేడం, నాకేడిది? నేను రాకుంటే తపాల ఎవరు పంచుతరు? హాజరుల సంతకం పెట్టకుండ పని చేసి పొమ్మన్నడు సారు."

సారంటే మా సూపరింటెండెంటు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే సంతకం పెట్టి, తేదీ వేసి, టీ తాగి వెళ్లమన్నాను. అంతకుమించి ఏమీ చేయలేదు. తర్వాత బ్రేక్ రోజుల్లో ఆమె వచ్చినా అడగడం మానేశాను.

పదేళ్లు నిండాక, పర్మనెంట్ చేయాలని ఆమె కోర్టుకు వెళ్లింది. తపాలా పనిని ఏదో ఏజెన్సీకి అప్పగించాలని అప్పటికే పైవాళ్ల ఆలోచన. కేసు ఓడితే ఆమె ఇంటికి పోవాల్సిందే. ఆమె కేసుకు మా జవాబు, అంటే కౌంటరు రాసేముందు రికార్డు గది నుంచి పాత తపాలా పుస్తకాలు తెప్పించుకున్నాను. ఎవరూ అడగలేదు, నాకే చూడాలనిపించింది. ప్రతి బ్రేక్ రోజుకూ ఆమె వంకర అక్షరాలున్నాయి, పక్కన నా సంతకం, కింద తేదీ.

మా అడ్వకేటు ఫోన్ చేసి, "ఆ రోజుల్లో ఆవిడ పనికి వచ్చినట్టు మన దగ్గర ఏమైనా ఉందా మేడం?" అని అడిగారు.

"హాజరు పట్టీలో లేదండి," అన్నాను.

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఆ విద్యలో నేను ఆరితేరాను. పుస్తకాలు మళ్లీ రికార్డు గదికి పంపేశాను. ఆ ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని కూర్చున్నాను గానీ ప్రార్థన రాలేదు. బయటికొచ్చాక ఎవరో పెద్దాయన "నీలాంటివాళ్లు ఉండాలమ్మా" అన్నాడు. ఆయన మీద విసుక్కున్నాను, పాపం.

కేసు కొట్టేశారు. సర్వీసు తెగిందన్న మా మాటే తీర్పులోకి ఎక్కింది. వారం తిరక్కుండా ఆమెను తొలగిస్తూ ఉత్తర్వు వచ్చింది. దాని నకలు ఒకటి నాకు అందాలి. అదీ తపాలాయే కాబట్టి ఆమే తెచ్చింది.

కవరు బల్ల మీద పెట్టి పుస్తకం తెరిచింది. "మీ వకీలు ఏమన్నాడు?" అని అడిగాను. సిగ్గులేని ప్రశ్న.

"ఏమంటడు మేడం. బ్రేక్ దినాలల్ల వచ్చినట్టు సబూత్ ఏమన్న ఉందా అని శాన సార్లు అడిగిండు. ఈ బుక్కులల్ల మీ దస్కతులే ఉండె. చెప్తే మిమ్మల్ని కోర్టుకు గుంజుతరు, మీ నౌకరికి తక్లీఫ్ అయితదని ఊకున్న." పుస్తకం నా ముందుకు జరిపింది. "మీరే చెప్తరేమో అనుకున్న."

గొంతులో కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేది! అప్పీలుకు ఇంకా గడువుందన్న మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. పెన్ను తీసి సంతకం పెట్టి, పుస్తకం ఆమె వైపు జరిపాను.

ఆమె దాన్ని తీసుకోలేదు. మళ్లీ నా వైపే తిప్పి, సంతకం కింద ఖాళీ మీద వేలు పెట్టింది.

"తేదీ మరిచిండ్రు మేడం."