మగ్గాలున్నాయి, నూలు లేదు

నగరిలో మా పక్కింటి ధనంజయకు ఒక్కటే అలవాటు. తనకు పిల్లలు ఎందుకు పుట్టలేదో అడగనివాళ్లకు కూడా చెబుతాడు.

తిరుపతి డాక్టరు చెప్పిందంతా అతనికి కంఠస్థం. వృషణాల్లో సెర్టోలీ కణాలని ఉంటాయి. అవి బీజకణాలను పట్టి నిలిపి, తిండి పెట్టి, వీర్యకణాలుగా పెంచుతాయి. ధనంజయకు ఆ సాకే కణాలు ఉన్నాయి. సాకడానికి బీజకణాలే లేవు.

"మన మరమగ్గాల షెడ్డే అనుకో," అంటాడు. "మగ్గాలన్నీ నిలబడే ఉండాయి. నూలే రాలేదు."

ఒకసారి తిరుపతి బస్సులో పక్కసీటామె అతని భార్య పంకజాక్షిని, "పిల్లలెంతమంది?" అని అడిగింది. పంకజాక్షి నోరు తెరిచేలోగా ముందుసీటులోంచి ధనంజయ ఇటు తిరిగి మొదలుపెట్టాడు. వృషణాలనగానే కండక్టరు విజిల్ ఊదాడు. తిరుపతికి టికెట్టు తీసుకున్న ఆమె పుత్తూరులోనే దిగిపోయింది.

కాణిపాకానికి ముగ్గురం వెళ్లాం. క్యూలో ఒక పెద్దావిడ పంకజాక్షితో, "ప్రదక్షిణాలు చెయ్ తల్లీ, కడుపు పండుతాది," అంది.

"చేయాల్సింది నేను గదక్కా!" అన్నాడు ధనంజయ. అతను కణాల దాకా వచ్చేసరికి మా ముందు క్యూ ఖాళీ. దర్శనం తొందరగా అయింది.

"సిగ్గు లేదాప్పా నీకు?" అన్నాను బయటికొచ్చాక.

"కణాలకు సిగ్గేందబ్బా?"

మొన్న నా మేనకోడలు హేమశ్రీ సీమంతం. గాజులు తొడిగే వేళకు మా మేనత్త చంద్రకాంతమ్మ, "బిడ్డల తల్లులు ముందుకు రాండి," అని పిలిచింది. పంకజాక్షి చేతిలోని గాజుల తట్టను పక్కామెకిచ్చి గోడవైపు జరిగింది. ఎవరూ జరగమనలేదు. ఆమెకు అలవాటు.

అప్పుడు తట్టింది నాకు. షెడ్డులో మేమిద్దరమే ఉన్నప్పుడు ధనంజయ ఈ మాట ఎన్నడూ ఎత్తలేదు. నలుగురి చూపు పంకజాక్షి మీదికి తిరిగినప్పుడే ఎత్తుతాడు.

వెనక కుర్చీలోంచి లేచాడు. "అత్తా, ఈ సెర్టోలీ కణాలని..."

"తెలుసులేరా! మగ్గాలుండాయి, నూలు లేదు. నీ పాఠం మా మనవరాలు గూడా అప్పజెప్తాది. కూసో!" అంది చంద్రకాంతమ్మ. తర్వాత గోడవైపు చూసి, "పంకజా, యాడికి పోతా ఉండావు? మొదట నువ్వే తొడుగు, రా," అంది.

పంకజాక్షి వచ్చి తొడిగింది. ఒక గాజు చిట్లింది.

"ఇంకోటి తొడుగు పెద్దమ్మా," అంది హేమశ్రీ, చెయ్యి వెనక్కి తీసుకోకుండా.

ధనంజయ కూర్చున్నాడు. ఆ పూట మళ్లీ నోరు తెరిచింది పాయసానికే.